అర మెట్టు కింద

గడ్డం గీసుకునేటప్పుడు ఎడమ చెంప దగ్గరికి రాగానే మేస్త్రి చెయ్యి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. బ్లేడు గాల్లోనే ఉంచి, తన ముఖాన్ని తనే అనుమతి అడుగుతున్నట్టు అద్దంలోకి చూస్తాడు. తర్వాత మెల్లగా ఆనిస్తాడు. ఏమీ కాదు. పెదవి పక్క నుంచి దవడ దాకా నురగ మీద బ్లేడు గరగరా జారిపోతుంది, మామూలు మనుషులకు జారినట్టే.

"చాల్లెండి మురిసింది. పెళ్లిచూపులకేమీ వెళ్లడం లేదు," అంది వంటింట్లోంచి భార్య.

"నువ్వు సరేనంటే వెళ్తాను."

"నొప్పున్నప్పుడే నయం. నోరు మెదిపేవారు కాదు."

అది నిజమే. నిన్నమొన్నటి దాకా ఆ చెంప మీద ఈగ వాలినా కరెంటు తీగ తగిలినట్టుండేది. మాట్లాడితే నొప్పి, నమిలితే నొప్పి, నోట్లో నీళ్లు పుక్కిలిస్తే నొప్పి. పంటి బాధేమోనని రెండు మంచి పళ్లు పీకించుకున్నాడు కూడా. చివరికి పెద్దాసుపత్రి నరాల డాక్టరమ్మ చెంప మీద చెయ్యి వెయ్యకుండానే, అతను చెప్పింది విని, మాత్రలు రాసింది. మందుల షాపతను చీటీ చూసి, "ఇంట్లో ఫిట్స్ ఎవరికండీ?" అని అడిగేసరికి భార్య చీటీ లాగేసుకుంది. మళ్లీ డాక్టరమ్మ దగ్గరికే పరుగెత్తింది.

"ఫిట్స్ కాదమ్మా," అంది డాక్టరమ్మ. "ముఖంలో నరం ఒకటి ఊరికే రెచ్చిపోతోంది. ఫిట్స్ వచ్చినప్పుడు మెదడులో జరిగే గోలా ఇలాంటిదే. రెచ్చిపోయేదాన్ని సద్దుమణిగేలా చెయ్యడం ఈ మందు పని. అక్కడైనా, ఇక్కడైనా."

మాత్రలు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఒక పొద్దున మేస్త్రి రొట్టెముక్కను ఎడమవైపు పళ్లతో కొరికాడు. కొరికి, నమలకుండా కాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత నమిలాడు. భార్య చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు. ఆమె చూడనట్టు గిన్నెలు సర్దుకుంది.

ఇవాళ కూడా ఫలహారం అయ్యాక మాత్రను అరచేతిలో పెట్టుకుని, పాత స్నేహితుణ్ణి పలకరించినట్టు ఒకసారి చూసి, నోట్లో వేసుకున్నాడు. లోపల కుక్కర్ కూసింది. మేస్త్రి తల అటు తిప్పాడు.

"ఏంటది అలా బరువుగా కూస్తోంది? వాషరు పోయినట్టుంది."

"మొన్ననే మార్చాను. మీరు చెప్తేనే," అంది భార్య.

మేస్త్రి పనిచేసే హార్మోనియంల షాపులో ముందు గది అమ్మకానికి, వెనక గది పనికి. వెనక గదిలో కిటికీ పక్కన పొడుగాటి బల్ల. బల్ల కింద తిత్తి. కాలితో తొక్కితే గాలి పైకొచ్చి, చిన్న కంతలోంచి రీడు మీదుగా పోతుంది. రీడంటే ఇత్తడి పలక మీద బిగించిన సన్నటి ఇత్తడి నాలుక. నాలుక కింద పల్చటి రేకు దూర్చి, కొసన ఆకురాయితో రెండు గీతలు గీస్తే స్వరం పైకి పోతుంది. మొదట్లో గీస్తే కిందికి దిగుతుంది. గీయడం, తొక్కడం, వినడం. మళ్లీ గీయడం. మేస్త్రి జుట్టు ఆ బల్ల దగ్గరే నెరిసింది.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. కొత్త హార్మోనియం పెట్టె ఏదైనా సరే, దాని మొదటి స్వరం మేస్త్రే పెడతాడు. శ్రుతి చూసుకోడానికి, తడితే ఒకే స్వరం పలికే ఇనుప ఫోర్కు ఉంది కానీ అతను దాన్ని ముట్టుకోడు. కళ్లు మూసుకుని, ఎక్కడో లోపల ఉన్న స్వరాన్ని వెతికి పట్టుకుని, రీడును దాని దగ్గరికి తీసుకొస్తాడు. మిగతావన్నీ ఆ మొదటిదాన్ని బట్టి కుదురుతాయి. ఇప్పటి ఓనరు తండ్రి కాలం నుంచీ అంతే. "మేస్త్రి గారి చెవి ఉండగా మనకు ఫోర్కెందుకు?" అనేవాడట ఆయన.

ఫోర్కు వాడేది అతని మేనకోడలు. అక్క కూతురు. పని నేర్పింది మేస్త్రే. నేర్పినంత కాలమూ ఫోర్కును "నీ ఊతకర్ర" అంటూ ఏడిపించిందీ అతనే. ఆమె బల్ల అతని పక్కనే. రెండు బల్లల మధ్య ఒక అట్టముక్క నిలబెట్టి ఉంటుంది. నొప్పి రోజుల్లో ఆమె బల్ల మీద గాలి కంత నుంచి ఊపిరంత గాలి వచ్చి చెంపకు తగిలినా మేస్త్రి విలవిల్లాడిపోయేవాడు. అది చూసి ఆమే ఒకరోజు బూట్ల డబ్బా మూత చింపి అక్కడ మేకులు కొట్టింది.

ఆ రోజు పాటల టీచరమ్మ వచ్చింది. ఆమె బడికి నాలుగు పెట్టెలు ఆర్డరు. నాలుగూ ఒకేసారి వాయిస్తే పిల్లలు కలిసి పాడాలి. మూడు మేస్త్రి చేశాడు, ఒకటి మేనకోడలు చేసింది. ఓనరు నాలుగింటినీ ముందు గదిలో వరసగా పెట్టించాడు.

టీచరమ్మ మొదటి పెట్టె మీద ఒక మెట్టు నొక్కగానే ఆమె ముఖం వికసించింది. రెండోది, మూడోది. "అబ్బ, ఎంత తీయగా ఉన్నాయండీ!" నాలుగోది విడిగా నొక్కింది. అదీ తీయగానే ఉంది. తర్వాత ఓనరు రెండింటి తిత్తులూ ఆడిస్తుంటే, ఎడం చేత్తో మూడోదాన్నీ కుడిచేత్తో నాలుగోదాన్నీ కలిపి నొక్కింది.

గదిలో ఉన్నవాళ్లందరికీ పళ్లు జివ్వుమన్నాయి. 

"ఈ మూడూ ఒక మాట మీదున్నాయి," అంది టీచరమ్మ చేతులు తీసేసి. "ఇదొక్కటీ పోట్లాటకొచ్చింది."

ఓనరు మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి కళ్లు మూసుకుని, నాలుగోదాన్ని ఇంకోసారి నొక్కించుకుని విన్నాడు. సందేహమే లేదు. అర మెట్టు కిందికి ఉంది.

"ఇది దిగిపోయింది," అన్నాడు.

"దిగలేదు మావయ్యా," అంది మేనకోడలు. తలుపు దగ్గర నిలబడి, చేతులకంటిన ఇత్తడి పొడి కొంగుకు తుడుచుకుంటోంది. "ఫోర్కుతో చూసుకునే చేశాను. నేను చెప్పాను కూడా, మీ మూడూ కొంచెం..."

"ఏదీ, ఫోర్కు తే."

ఆమె తెచ్చి, మోకాటికి తట్టి, అతని చెవి దగ్గర పెట్టింది. మేస్త్రి విని నవ్వాడు.

"ఇదీ దిగింది. అటక మీంచి కింద పడింది చూడు, అప్పుడే పోయుంటుంది."

"పడితే సొట్టపోతుంది గానీ స్వరం పోతుందా? ఫోర్కు అబద్ధం చెప్పదు మావయ్యా."

"నేను చెప్తానా?"

ఆమె ఫోర్కును వెనక్కి తీసుకుంది. టీచరమ్మ ఏదో అనబోయి, పెదవులు బిగించుకుని, చేతిసంచీ తాడు సర్దుకుంది. ఓనరు గొంతు సవరించుకున్నాడు. "మా నాన్నకు చెవి ఉండేది. నాకు లెక్కలు మాత్రమే వచ్చాయి. మేస్త్రి గారి మాటే నాకు మాట. టీచర్ గారూ, రేపు సాయంత్రానికి నాలుగూ ఒకటిగా ఉంటాయి. మేస్త్రి గారూ, ఆ నాలుగోది కూడా మీరే పట్టండి. అమ్మాయ్, నువ్వు కొన్నాళ్లు తిత్తులకు తోలు అతికించే పని చూడు. శ్రుతి సంగతి తర్వాత చూద్దాం."

మేనకోడలు వెనక్కి తిరిగింది. బల్ల దగ్గరికి వెళ్లి తన ఆకురాళ్లు గుడ్డలో చుట్టి, ఫోర్కును వాటి మీద పెట్టి, సొరుగు మూసింది. మూస్తున్నప్పుడు చప్పుడు చెయ్యలేదు. గదికి అవతలి మూల జిగురు డబ్బాల దగ్గర పీట వేసుకుని, వీపు ఇటు పెట్టి కూర్చుంది.

మేస్త్రి నాలుగో పెట్టె విప్పాడు. రీడు పలక బయటికి తీసి వెలుతురుకు పట్టుకున్నాడు. ఆకురాయి గీతలు తల వెంట్రుకల్లా ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి. ఎక్కడా తొందరపాటు లేదు. ఒక్క రీడునూ అనవసరంగా తినలేదు. తను చేసిన మూడింట్లోనూ కొసలు బాగా గీయాల్సొచ్చింది. ఈసారి వచ్చిన ఇత్తడి నాసిరకమని సరుకు తెచ్చినవాణ్ణి తిట్టాడు కూడా. ఆమె పెట్టెలోదీ అదే సరుకు. మరి ఆమెకెందుకు ఇన్ని గీతలు పట్టలేదు?

ఆకురాయి తీసి మొదటి రీడు మీద ఆనించాడు. ఎందుకో గీయాలనిపించలేదు. 

"రేపు పొద్దున చేస్తాను. కళ్లు లాగుతున్నాయి," అన్నాడు ఎవరూ అడక్కపోయినా. మూలలో వీపు కదల్లేదు.

ఇంటికొచ్చేసరికి భార్య ఆరేసిన బట్టలు మడతపెడుతూ కూనిరాగం తీస్తోంది. మడతపెట్టినంతసేపూ అలాగే తీస్తుంది. తనకు తెలియకుండానే ఎప్పుడూ ఒకే శ్రుతిలో మొదలుపెడుతుంది. పెళ్లయిన కొత్తలో ఆ సంగతి కనిపెట్టి అతను చెప్తే ఆమె సిగ్గుపడి కొన్నాళ్లు మానేసింది కూడా.

మేస్త్రి చెప్పులు విప్పబోతూ ఆగాడు.

"జలుబు చేసిందా నీకు?"

"లేదే."

"గొంతు దిగింది."

"నా గొంతు నా దగ్గరే ఉంది. అయినా పొద్దున కుక్కరన్నారు, నిన్న బడిగంట పగిలిందన్నారు. ఇప్పుడు నేనా? నాకూ వాషరు మారుస్తారా?"

ఆమె నవ్వుతూనే అంది. మేస్త్రికి నవ్వు రాలేదు. ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో. అలాగే లోపలికి వెళ్లి బీరువా పైనున్న రేకు పెట్టె దించాడు. అందులో పాత గుడ్డలో చుట్టిన చిన్న పీక ఉంది. ఒకే రీడు, ఒకే స్వరం. పని నేర్చుకున్న రోజుల్లో అతను సొంతంగా చేసిన మొదటి వస్తువు. పాత ఓనరు దాన్ని ఊది, భుజం తట్టాడు. అప్పటి నుంచీ దాన్ని ఎవరూ గీయలేదు. ఎవరూ ముట్టుకోలేదు.

దుమ్ము తుడిచి ఊదాడు.

అర మెట్టు కింద పలికింది.

మంచం మీద కూర్చున్నాడు. మళ్లీ ఊదాడు. పక్కగదిలో భార్య రాగం దానితో అచ్చంగా కలిసింది. ఇత్తడి దానంతటది దిగుతుందా? ఒకవేళ దిగినా, ఇనుప ఫోర్కూ, ఇత్తడి పీకా, కుక్కరూ, బడిగంటా, పెళ్లాం గొంతూ, అన్నీ కూడబలుక్కుని ఒక్క అర మెట్టే దిగుతాయా?

లోకం ఎక్కడున్నది అక్కడే ఉంది. 

"అయ్యో," అన్నాడు పైకే.

భార్య వచ్చి చూస్తే పీక చేతిలో పట్టుకుని గోడకేసి చూస్తున్నాడు. జరిగింది చెప్పాడు. షాపులో మేనకోడలిని ఎక్కడ కూర్చోబెట్టారో అది కూడా చెప్పాడు. ఆమె బట్టల మడత ఒళ్లో పెట్టుకుని వింది.

"ఎప్పట్నుంచి ఇలా?"

"కుక్కర్ ఎప్పట్నుంచి బరువుగా కూస్తోంది?"

ఇద్దరూ ఒకేసారి కిటికీ గూట్లో ఉన్న మాత్రల పెట్టె వైపు చూశారు.

భోజనం అయ్యాక భార్య మంచినీళ్లతో పాటు మాత్ర ఇచ్చింది. ఆమె చెయ్యి కడుక్కోడానికి వెళ్లగానే మేస్త్రి దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఒక్క పూట. ఒక్క పూట మానితే చెవి ఏమంటుందో చూద్దామనుకున్నాడు. రాత్రి గడిచింది. ఏమీ కాలేదు. పొద్దున మాత్ర కూడా జేబులోకే పోయింది. పీక తీసి ఊదితే రవ్వంత పైకి వచ్చినట్టే అనిపించింది. రెండూ ఉంటాయేమో. చెంపా, చెవీ.

కొళాయి దగ్గరికి వెళ్లి దోసిట్లో నీళ్లు పట్టి ముఖాన కొట్టుకున్నాడు.

ఎక్కడున్నాడో ఒక్క క్షణం తెలియలేదు. కన్ను కింద నుంచి దవడ దాకా ఎవరో కాల్చిన సూది దారంతో సహా లాగినట్టయింది. అరవడానికి నోరు తెరిస్తే ఆ తెరవడంతో మరోసారి లాగింది. కొళాయి గొట్టం పట్టుకుని కిందికి జారిపోయాడు. భార్య పరుగున వచ్చింది. ఎన్ని నెలలుగానో అలవాటైనదే కాబట్టి ముఖం ముట్టుకోలేదు, ఏమైందని అడగలేదు. వీపు మీద చెయ్యి ఉంచి పక్కనే తడి నేల మీద కూర్చుంది. నొప్పి తెరిపిచ్చాక చొక్కా జేబు తడిమి, రెండు మాత్రలూ బయటికి తీసింది.

"మీకు చెవి కావాలా నేను కావాలా?" అంది. అడిగేశాక తన ప్రశ్న తనకే విచిత్రంగా తోచి ముక్కు చీదుకుంది.

ఆసుపత్రి వరండాలో బెంచీల మీద ఖాళీ లేదు. కొసన కూర్చున్న ఒక అమ్మాయి జరిగి చోటిచ్చింది. మెడలో బ్యాంకు గుర్తింపు కార్డు ఉంది. భార్య చేతిలో మాత్రల పెట్టె చూసి, తన సంచీలోంచి అలాంటిదే తీసి చూపించింది.

"మీకూ ఫిట్సేనా అంకుల్?"

"కాదమ్మా. ముఖంలో నరం."

"ఓహో. ఒకే మందు, వేరే వేరే ఇళ్లు అన్నమాట." ఆమె నవ్వింది. "మొన్న ఇదే బెంచీ మీద ఒకాయన కలిశారు. ఆయనకు మనసు ఒకసారి ఆకాశానికి ఎగురుతుందట, ఒకసారి పాతాళానికి దిగుతుందట. అది అదుపులో ఉండడానికి ఆయనకూ ఇదే."

"ఈయన రెండు పూటలు మానేశారు," అంది భార్య, ఫిర్యాదు చెయ్యడానికి మనిషి దొరికినట్టు.

అమ్మాయి నవ్వు ఆగిపోయింది. "అలా చెయ్యకండి అంకుల్. నేనూ ఒకసారి మానేశాను. చదువుకునే రోజుల్లో, నిద్రొస్తోందని. బస్టాపులో పడిపోయాను. కళ్లు తెరిచేసరికి ఎవరో పెద్దావిడ నా చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడుంది, నేను లేచాక ఇద్దామని. ఆవిడ ఎవరో నాకిప్పటికీ తెలియదు." మాత్రల పెట్టెను సంచీలో పెట్టుకుంటూ, "ఇది ఉంది కాబట్టే ఉద్యోగం చేస్తున్నాను. కిందటేడు ఈత కూడా నేర్చుకున్నాను. ఒంటరిగా దిగను లెండి, పక్కన మా అన్నయ్య ఉంటాడు," అంది.

లోపల డాక్టరమ్మ ముందు కోప్పడింది. ఏ మందైనా ఇలా ఉన్నపళాన ఆపకూడదంది. తర్వాత అతను కుక్కర్ సంగతీ, ఫోర్కు సంగతీ, పీక సంగతీ చెప్తుంటే కలం కింద పెట్టి ముందుకు వంగింది.

"అర మెట్టు కిందికా? అన్నీనా?"

"అన్నీ. మీ గొంతు కూడా కాస్త దిగే ఉంటుందండీ. నాకు మీ అసలు గొంతు తెలియదు."

డాక్టరమ్మ నవ్వేసింది. "పుస్తకాల్లో చదివాను గానీ చెప్పిన మనిషిని చూడ్డం ఇదే. ఈ మందు వాడేవాళ్లలో ఎక్కడో ఒకరికి ఇలా జరుగుతుంది. సంగీతం తెలిసినవాళ్లే పట్టుకుంటారు. మిగతావాళ్లకు జరిగినా తెలియకపోవచ్చు. చెవికి దెబ్బేమీ కాదు, భయపడకండి. మందు ఆగితే అదీ పోతుంది."

"ఆగితే..." అని మేస్త్రి చెయ్యి చెంప దాకా తీసుకెళ్లి, తాకకుండా ఆపాడు.

"అదే చెప్తున్నా. మోతాదు కొంచెం తగ్గించి చూడొచ్చు. లేదంటే మెల్లమెల్లగా వేరే మందుకు మారొచ్చు. కానీ అది మీ నొప్పిని ఇంత బాగా పట్టి ఉంచుతుందని మాటివ్వలేను. మీ బతుకుతెరువు చెవితో కాబట్టి మీరే ఆలోచించుకుని చెప్పండి."

మేస్త్రి తల వంచుకుని తన వేళ్ల వైపు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని ఇత్తడి పొడి. భార్య పక్కకు చూస్తోంది. తన ముఖం చూసి అతను నిర్ణయించుకోకూడదని ఆమె ఉద్దేశం. ఆ సంగతి అతనికి అర్థమైంది.

"ఇదే ఉంచండమ్మా," అన్నాడు. "అన్నం తింటున్నాను. మా ఆవిడతో మాట్లాడుతున్నాను. అర మెట్టే కదా పోయింది. పోతే పోనివ్వండి."

డాక్టరమ్మ రక్తపరీక్ష ఒకటి రాసి, చీటీ అందిస్తూ, "మనసు మారితే రండి. మొహమాటపడకండి," అంది. బయటికొచ్చాక మేస్త్రి వరండాలో కూజా దగ్గరే నిలబడి మాత్ర వేసుకున్నాడు. బ్యాంకు అమ్మాయి దూరం నుంచి చూసి, భేష్ అన్నట్టు తలూపింది.

మందు మళ్లీ ఒంటబట్టడానికి కాస్త టైము పడుతుందనీ, ఇవాళ్టికి ఇంటిపట్టున ఉండమనీ భార్య బతిమాలింది. అతను ముఖానికి మెత్తటి తువ్వాలు అడ్డం పట్టుకుని షాపుకు బయల్దేరాడు. "సాయంత్రం టీచరమ్మ వస్తుంది. ఈలోగా ఆ పిల్ల ఇంకా మూలన్నే కూర్చుని ఉంటుంది," అన్నాడు. 

అతను చేరేసరికే టీచరమ్మ ముందు గదిలో ఉంది. ఓనరు మంచినీళ్లు ఇప్పించి, మేస్త్రి ఇంకా రాలేదేమని అటూ ఇటూ తిరుగుతున్నాడు. వెనక గదిలో మేనకోడలు తోలుకు జిగురు రాస్తోంది.

"ఏమైంది మేస్త్రి గారూ? నాలుగోది విప్పి అలాగే ఉంది!"

"దాన్ని అలాగే ఉండనివ్వండి. అది సరిగ్గా ఉంది. నా మూడే తప్పు."

ఓనరు తనకు సరిగ్గా వినపడలేదన్నట్టు చూశాడు. మేస్త్రి తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. దారి పొడుగునా ఈ మాటలు కూడబెట్టుకుంటూనే వచ్చాడు. ఇప్పుడు ఒక్కటీ వరసలో లేదు.

"నాకు ముఖం నొప్పికి మందిచ్చారు. ఫిట్స్ వాళ్లకిచ్చేదే. దాంతో నొప్పి పోయింది. చెవి మారింది. నాకు అంతా అర మెట్టు కింద వినిపిస్తోంది."

"మీ చెవి మారడమేంటండీ!"

"నేను అటు తిరుగుతాను. మీరు ఏదో ఒక మెట్టు నొక్కండి. అక్కడున్న మీ నాన్నగారి కాలం నాటి పెట్టె మీద."

గోడకేసి తిరిగి నిలబడ్డాడు. ఓనరు అనుమానంగా ఒకటి నొక్కాడు. మేస్త్రి దాని పేరు చెప్పాడు. తప్పు. ఇంకోటి. తప్పు. మూడోది నొక్కబోయి ఓనరు ఆగాడు. చిన్నప్పుడు తండ్రి తనను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇదే ఆట ఆడించేవాడు. గోడకేసి తిరిగిన ఈ మనిషి ఒక్కసారి కూడా తప్పేవాడు కాదు.

"చాలు మేస్త్రి గారూ. చాలు. ఇటు తిరగండి."

టీచరమ్మ మెల్లగా అంది: "నిన్న నాకూ ఆ ఒక్కటే మా బడి పియానోకు కలుస్తుందనిపించిందండీ. మీరు అంత గట్టిగా చెప్పేసరికి నా చెవినే అనుమానించుకున్నాను. రాత్రంతా అదే ఆలోచన."

మేస్త్రి తలూపాడు. ఆమెకూ ఏదో చెప్పాలి కానీ ముందు వెళ్లాల్సిన చోటు వేరే ఉంది. వెనక గది మూలకు నడిచి, పీట పక్కన గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్లు కటుక్కుమన్నాయి.

"అమ్మాయ్. నిన్న నేనన్న మాట..."

"ఏ మాట?" మేనకోడలు కుంచె ఆపలేదు. "చాలా అన్నారు కదా, ఏదని?"

"అన్నీ."

"ఊతకర్ర కూడానా?"

"అది ముందు."

ఆమె కుంచెను డబ్బా అంచుకు రాసి, మూత పెట్టింది. అప్పుడు తలెత్తింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కానీ అతని ముఖం చూడగానే అడిగింది మాత్రం వేరే. "మళ్లీ వచ్చిందా నొప్పి? తువ్వాలెందుకు?"

"రెండు పూటలు మాత్ర మానేశాను. మీ అత్త ఇంకా తిడుతూనే ఉంది."

"తిట్టాల్సిందే," అంది ఆమె. లేచి, చెయ్యి ఇచ్చి అతన్నీ లేపింది.

ఓనరు గుమ్మంలో నిలబడి రెండు చేతులూ రుద్దుకుంటున్నాడు. "మరి ఇప్పుడు... మొదటి స్వరం ఎవరు పెడతారు మేస్త్రి గారూ?" ఆ ప్రశ్నలో వేరే ప్రశ్న ఉందని అందరికీ తెలిసింది. మీరింకేం చేస్తారు, అని.

"తను పెడుతుంది. ఇక నుంచీ అంతే. మిగతావి మేమిద్దరం చూసుకుంటాం. రెండు రీడులు ఒకటిగా ఉన్నాయో లేదో చెప్పడానికి పేరు తెలియక్కర్లేదు. దగ్గర దగ్గరగా ఉండి కలవకపోతే మధ్యలో వణుకు పుడుతుంది. ఆ వణుకు నాకు వినిపిస్తుంది. అది ఏ మెట్టు మీదున్నా వణుకే." టీచరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మూడింటినీ దించాలి. గీసింది ఎక్కువ, కొన్ని రీడులు మార్చాలేమో కూడా. కొన్నాళ్లు ఆగగలరా?"

"ఆగుతాను," అంది టీచరమ్మ. "కానీ ఆ సరైనదాన్ని ఇవాళే తీసుకెళ్తాను. పిల్లలు నిన్నటి నుంచి గేటు దగ్గరే కాపలా."

పెట్టెను మళ్లీ బిగించి ఇచ్చింది మేనకోడలే. టీచరమ్మ వెళ్లబోతూ ఆమె చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. ఏం చెప్పిందో మేస్త్రికి వినపడలేదు. మేనకోడలు మాత్రం తిరిగి లోపలికి వస్తూ, ఆ ధ్యాసలో తలుపు చట్రానికి భుజం కొట్టుకుంది.

మర్నాడు కాక ఆ మర్నాటికి మందు ఒంటబట్టింది. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఎడమవైపు నమిలి, మాత్ర వేసుకుని మేస్త్రి పనికొచ్చాడు. మూడు పెట్టెల్లో మొదటిది బల్ల మీద విప్పి ఉంది. మేనకోడలు సొరుగు తెరిచి గుడ్డ మడత విప్పింది. ఫోర్కును మోకాటికి తట్టి బల్ల చెక్కకు ఆనించింది. చెక్కంతా సన్నగా గుయ్యిమంది. మేస్త్రికి అది అర మెట్టు కిందే వినిపించింది. ఎప్పటికీ అలాగే వినిపిస్తుందేమో. లోపల ఎక్కడో పాత స్వరం తన చోటు తనకు కావాలన్నట్టు ఒకసారి లేచింది. అతను దాని మాట వినలేదు.

ఆమె రీడు నాలుక మొదట్లో ఆకురాయి ఆనించి రెండు గీతలు గీసింది. "ఇది మొదటిది మావయ్యా. స్వరం పెట్టేశాను."

"ఇటివ్వు."

రెండో రీడు దాని పక్కన పెట్టి తిత్తి తొక్కాడు. రెండు స్వరాల మధ్య గాలి వణికింది, చలికి వణికే మనిషిలా. గీశాడు. వణుకు నెమ్మదించింది. ఇంకో గీత. ఇంకా నెమ్మదించింది. ఆమె ఊపిరి బిగబట్టి చూస్తోంది. అతను ఆకురాయి పక్కనపెట్టి, బొటనవేలి గోటితో ఇత్తడిని ఒక్కసారి నిమిరాడు. వణుకు ఆగిపోయింది. రెండూ ఒకటే అయిపోయి, గదిలో తెరుచుకున్న కిటికీలా నిలబడ్డాయి.

"అబ్బా," అంది మేనకోడలు. "ఇది ఫోర్కుతో రాదు."

"నేర్పుతాను. అన్నీ నీ ఫోర్కే చేస్తే నేనేం చెయ్యాలి మరి?"

ఆమె నవ్వుతూ తన బల్ల వైపు తిరిగి తిత్తి తొక్కబోయింది. తొక్కే ముందు, అలవాటుగా, మధ్యనున్న అట్టముక్క నిటారుగా ఉందో లేదో చూసి దాన్ని సర్దింది. 

మేస్త్రి దాని వైపు చూశాడు. బూట్ల డబ్బా మూత. అంచులు నలిగి, మేకుల దగ్గర తుప్పు మరకలు పట్టి ఉన్నాయి. నొప్పి రోజులన్నీ ఆ అట్ట పక్కనే గడిచాయి. దాన్ని మేకులు కొట్టి నిలబెట్టిన పిల్ల పెట్టెనే అతను తప్పన్నాడు.

పట్టకారు తీసి మేకులు ఒక్కొక్కటే లాగాడు. అట్టముక్కను పారెయ్యకుండా రెండుగా మడిచి తన సొరుగులో, ఆకురాళ్ల పక్కన పెట్టుకున్నాడు.

"గాలి తగులుతుంది మావయ్యా," అంది మేనకోడలు, కాలు తిత్తి మీద ఆపి.

"తొక్కు."

ఆమె తొక్కింది. కంతలోంచి గాలి చల్లగా వచ్చి మేస్త్రి ఎడమ చెంప మీదుగా పోయింది. అతను కదల్లేదు. ఇంకాస్త ముందుకు వంగి, ఆ చెంపే అటు పెట్టి, వినడం మొదలుపెట్టాడు.